పొరుగువాని కర్మము

ఒక మనుష్యుడు ఆకలితో నకనకలాడుచుండగా, ఆ యాకలికి హేతువు వాని పూర్వజన్మ కర్మమేయని తీర్పు చెప్పుటకు మరియొక మనుష్యునకు అధికారము కలదా యను ప్రశ్నను మన వేదాంత గ్రంథములు ఇంత సూటిగా అడుగకపోయినను, దానికి సమాధానము మాత్రము మన అరుగుల మీదను, రైలు పెట్టెలలోను, గుడి మెట్లపైనను ప్రతిదినము వినవచ్చుచునే యున్నది. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా’ యని మా గూడూరు పెద్దలు నిట్టూర్చినప్పుడు అందులో జాలియు కలదు, నిస్సహాయతయు కలదు. కాని ఆ రెంటికన్న ఎక్కువగా, ఇక ఈ విషయమున మనము ఆలోచింపవలసినది ఏమియు లేదను విశ్రాంతి కలదు. ఆ విశ్రాంతి ధర్మసమ్మతమేనా యను సందేహము నన్ను గట్టిగా పట్టుకొన్నది సముద్రములకావల, దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున, ఆ మాటనే ఇంగ్లీషులో వినినప్పుడు.

డర్బనునకు క్రొత్తగా పోయినవానికి మొదట కనబడునది సంపద. హిందూ మహాసముద్రపు టొడ్డున బారులు తీరిన హోటళ్లు, వాని ముందు నున్నని కాలిబాట, ఉత్తరమున ఉమ్‌హ్లాంగాలో ఒకప్పటి చెరకు తోటల చెంత లేచిన అద్దాల మేడలు, వీనిని చూచి కన్ను తనియకముందే, వీనిని ఆనుకొనియే దారిద్ర్యము ఎదురగును. వార్విక్ కూడలిలో, వేలకొలది జనము దిగి యెక్కు ట్యాక్సీల రొదలో, ఒక జులు స్త్రీ పెద్ద డబ్బాలో ఉడుకుచున్న మొక్కజొన్న కంకులను పటకారుతో పైకి తీసి, నీరోడ్చి, అడిగినవారి చేతికిచ్చుచుండెను. ఆమె వీపున దుప్పటితో బిగించి కట్టిన పసిబిడ్డ ఆవిరి తగులకుండ మొగమును ప్రక్కకు త్రిప్పుకొని నిద్రించుచుండెను. ఆ ప్రక్కనే ఒకడు తన యెత్తునకు మించి పేర్చిన అట్టపెట్టెలను చక్రముల బండిపై కట్టి, ఏటవాలు రోడ్డున బండి తన్ను త్రోసికొని పోకుండ రెండు మడమలను తారులో ఆన్చి, వెనుకకు వాలి, అడుగడుగునకు ఆగుచు దిగుచుండెను. వాని వెనుక నిలిచిపోయిన కార్లలోనివారు హారన్లు మ్రోగించుచుండిరి. ఊరి మేలైన పేటలలో ఇండ్ల ప్రహరీలు నిలువెత్తును మించినవి. వానిపై విద్యుత్తు పారు తీగలు. ప్రతి గేటునకును ఏదో ఒక కావలి కంపెనీ పలక. 2014 నాటి లెక్కలనుబట్టి ప్రపంచబ్యాంకు ఆ దేశపు అసమానతకు కట్టిన జినీ సూచిక 0.63, లెక్కలు దొరకిన దేశములన్నింటిలో అది అగ్రస్థానము. అంకెను తరువాత చదివితిని. అట్టపెట్టెల బండిని ముందు చూచితిని.

క్రొత్తవాని కంటికి చరిత్ర తెలియదు, కారణములు తెలియవు, వాని తీర్పులను నమ్మరాదు. ఐనను ఆ కంటికొక గుణము కలదు. అలవాటు దానినింకను కప్పలేదు. పుట్టిన యూరిలో మనము సంపదను ఒక వీధిలోను, దారిద్ర్యమును ఒక వీధిలోను ఉంచి, రెంటిని రెండు వేళలందు చూచుట నేర్చుకొందుము. పరదేశమున ఆ రెండును ఒకే చూపున పడి, ఒకదానికి మరియొకటి ఏమగునని అడుగును.

నాకు ఆతిథ్యమిచ్చిన వృద్ధుడు క్లేర్ ఎస్టేటు అను పేటలో నివసించుచున్నాడు. ఆయన ముత్తాత నెల్లూరు జిల్లానుండి మద్రాసు రేవునకు నడచి ఓడ యెక్కినవాడు. ఈయనకు తెలుగు మాటలాడుట రాదు. కాని గోవిందనామములను ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొని తడుముకొనక చదువును. పెరటాసి మాసమంతయు మాంసము ముట్టక, శనివారములు ఒంటిపూట భోజనముతో గడుపును. గుడిలో అన్నదానమునకు ఏటేట బియ్యపు మూటలు పంపును. ఒకనాటి సాయంకాలము మేడమీది వరండాలో టీ త్రాగుచుండగా ఎదుటి పల్లమున కెనడీ రోడ్డు గుడిసెలు కనబడినవి: తుప్పుపట్టిన రేకులు, అట్టలు, ప్లాస్టిక్ పట్టలు కలిపి నిలిపిన గోడలు, కుళాయి ముందు బారుగా పెట్టిన డబ్బాలు, ఆవల నగరపు చెత్త దశాబ్దములపాటు వచ్చిపడిన బిసాసర్ రోడ్డు దిబ్బ. నేనటు చూచుట గమనించి ఆయన, ఎట్టి ద్వేషమును లేక, మెత్తగా, “వాళ్ల కర్మ, మనమేం చేయగలం?” అనెను. ఆయన సజ్జనుడు. దుర్మార్గుని నోట వచ్చియుండినచో ఆ మాటను నేను మరచియుందును. సజ్జనుని నోట వచ్చినందుననే అది నన్ను వదలలేదు.

ఆ మాటను ఆయన ముత్తాతకు అన్వయించి చూతము. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి వచ్చి నేటాలు రేవున మొదటి ఒప్పంద కూలీలను దింపినది మొదలు 1911 వరకు అచ్చటికి పోయినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువ భాగము మద్రాసు రాజధానివారు. నెల్లూరు, విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారును, చిత్తూరు సీమను తనలో ఇముడ్చుకొనియుండిన నాటి ఉత్తరార్కాటు వారును వారిలో పెక్కురు. ఐదేండ్ల ఒప్పందము, మొదటి యేట నెలకు పది షిల్లింగులు, పిమ్మట ఏటికొక షిల్లింగు పెంపు. కన్నతల్లిని, పంట పొలమును విడిచి ఇంతటి కూలికి అంత దూరము ఎందుకు పోయిరన్నచో, ఇచ్చట అదియైనను లేదు గనుక. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును కాల్చిన ధాత కరవున, కరవు పనులలోని మగకూలీకి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డు టెంపుల్ కట్టడి చేసెను. ఆ సంవత్సరములందే ఈ దేశపు గోధుమలు ఇంగ్లండునకు ఓడలకెక్కెను. వాన కురియకపోవుట దైవికము కావచ్చును. ఒక పౌనువద్ద గీత గీసినది మాత్రము మనుష్యుని కలము, ఆ యుత్తరువు క్రింద సంతకము కలదు.

ఓడ యెక్కుచున్న ఆ బక్కచిక్కిన మనుష్యుని చూచి మద్రాసులో కడుపునిండ భుజించిన వాడెవడో ‘వాని కర్మ’ యనుకొని ఇంటికి పోయియుండును. మా వృద్ధుడు ఆ తీర్పునకు సమ్మతించునా? సమ్మతింపడు. ముత్తాత కథను చెప్పునప్పుడు ఆయన నోట వచ్చునవి ఆశలు చూపి ఓడ యెక్కించిన మేస్త్రీ మోసము, తోట దొర కొరడా, ఒప్పందము తీరిన పిమ్మట మరల కూలికి చేరనివారిపై 1895 నాటి చట్టము విధించిన మూడు పౌనుల పన్ను, 1913లో కొడవళ్లు క్రింద పెట్టి కూలీలు చేసిన సమ్మె, మరుసటి యేట ఆ పన్ను రద్దగుట. అన్నియు పేరును తేదీయు గల కారణములే. మనవాని దారిద్ర్యమునకు చరిత్రయు, పరుని దారిద్ర్యమునకు పూర్వజన్మయు కారణములగుట ఎట్టి న్యాయము?

కర్మ సిద్ధాంతమును నేను తృణీకరించువాడను కాను. అది లేనిచో ఈ లోకమున మంచి చెడ్డలకు పొందిక లేకపోవును, చేసినది నశించును, చేయనిది వచ్చి మీదపడును. ఇంతటి అరాచకమును అంగీకరించుటకన్న, కంటికానని కాలమున ఒక లెక్క నడచుచున్నదని నమ్ముట బుద్ధికి ఊరట. కాని ఆ సిద్ధాంతము శాస్త్రమున ఏ సందర్భమున, ఎవరి పక్షమున చెప్పబడినదో చూడవలెను. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున ఒక ఆక్షేపణ కలదు. ఒకడు సుఖించుచున్నాడు, ఒకడు దుఃఖించుచున్నాడు. ఇట్టి లోకమును సృజించిన ఈశ్వరునకు వైషమ్యము, అనగా పక్షపాతము, నైర్ఘృణ్యము, అనగా నిర్దయ, అను దోషములు అంటవా? అంటవు, ఈశ్వరుడు జీవుల కర్మమును అనుసరించియే ఫలమిచ్చుచున్నాడు గనుకనని సూత్రకారుని సమాధానము. శంకరులు భాష్యమున వానను దృష్టాంతముగ చూపిరి: వాన అన్ని చేలకును సమానమే, ఒకచో వరియు ఒకచో యవలును పండుట విత్తనములలోని భేదమువలన.

ఆ విచారణలో ముద్దాయి ఎవరు? ఈశ్వరుడు. అభియోగములు రెండు: పక్షపాతము, నిర్దయ. కర్మమను సాక్ష్యము ఆయన పక్షమున చెప్పబడినది, ఆయన నిర్దోషిగ వెలువడెను. ఆ తీర్పు ప్రతిని చేతబట్టుకొని మనము కూడ ఆయన వెంట న్యాయస్థానమునుండి బయటికి నడచివచ్చితిమి. మనపై విచారణ యనునదే జరుగలేదు. కూలి నిర్ణయించినవాడు ఈశ్వరుడు కాడు, నేలపై గీత గీసి ఇటువైపు నీవు ఉండరాదని శాసనము చేసినవాడు ఈశ్వరుడు కాడు. 1913 నాటి దక్షిణాఫ్రికా భూమి చట్టము ఆ దేశపు నేలలో ఇంచుమించు నూటికి ఏడు వంతులను మాత్రమే ఆఫ్రికనులకు విడిచి, తక్కినచోట వారు భూమి కొనకుండ నిషేధించినది. వానను గూర్చిన దృష్టాంతము ఈ చట్టమునకు ఎట్లు అన్వయించును? ఇచ్చట విత్తనముల భేదము మాట అటుంచి, చేనే లేకుండ చేసిరి.

ఇతరుని కష్టమున తోడ్పడుట వాని కర్మానుభవమునకు అడ్డుపడుటయేయని వాదించు పండితులను నేనెరుగుదును. తమ బిడ్డకు జ్వరము ముదిరిన రాత్రి వారికి ఆ వాదము తలపునకు రాదు. కారు మాట్లాడుకొని నెల్లూరునకో మద్రాసునకో పరుగెత్తుదురు, పరుగెత్తవలసినదే. తన దుఃఖమునకు తన కర్మమే హేతువని తలచినవాడు పరులను నిందించుట మాని ఓర్పును పొందును. పరుని దుఃఖమునకు వాని కర్మము హేతువని తలచినవాడు పొందునది నిద్ర మాత్రమే. అంతేకాక, కర్మము గడచిన జన్మలతో ముగిసినది కాదు గదా! చూచుటయు కర్మమే, చూచి మొగము త్రిప్పుకొనుటయు కర్మమే. గుడిసెలోనివాని గత జన్మమును గూర్చి నిశ్చయముగా చెప్పగలవారు మేడపైనివాని ఈ జన్మపు ఖాతాను గూర్చి ఏల మాటాడరో నాకు బోధపడదు.

మన గ్రంథములు ఆకలిని ఎదుట నిలుపుకొని మాటాడిన చోట్ల కర్మమను మాటయే వినబడకుండుట గమనింపదగినది. ఋగ్వేదము పదవ మండలమున దానమును గూర్చిన సూక్తమొకటి, మృత్యువు ఆకలిగొన్నవాని వద్దకే గాక తిన్నవాని వద్దకును వచ్చుననియు, ఒంటరిగ తినువాడు ఒంటరిగనే పాపమును మోయుననియు చెప్పుచున్నది. భాగవతము సప్తమ స్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము బోధించుచు, కడుపు నిండుటకెంత కావలెనో అంతవరకే దేహికి స్వత్వము కలదనియు, అంతకు మించినదానిని తనదనువాడు చోరుడు, దండింపదగినవాడు అనియు నిష్కర్షగా పలికెను. సప్తాహములలో ప్రహ్లాదుని కథవద్ద గంటలకొలది ఆగు పౌరాణికులు ఆ స్కంధమందే గల ఈ మాటవద్ద ఒక్క నిమిషము ఆగగా నేను చూడలేదు. నవమ స్కంధమున రంతిదేవుడు నలువదియెనిమిది దినములు నీరును లేక ఉపవసించి, పారణకు కూర్చున్నవేళ ఒకరి వెనుక ఒకరుగ అతిథులు రాగా, బ్రాహ్మణునకును, శూద్రునకును, కుక్కలను వెంటబెట్టుకొని వచ్చినవానికిని అన్నమంతయు పెట్టి, మిగిలిన నీటిని త్రాగబోవుచుండగా వచ్చిన చండాలునకు ఆ నీటినిని ఇచ్చివేసెను. నీవేల ఇట్లైతివని వారిలో ఎవరినిని అడుగలేదు. తనకు మోక్షము వలదు, సర్వప్రాణుల దుఃఖమును వారి లోపల నిలిచి తానే అనుభవింతునని కోరెను; కర్మమునకు యజమానిని మార్చుమని అడిగిన భక్తుడు మన పురాణములలో ఆయనయే గాబోలు. తరిగొండ వెంగమాంబ పేర తిరుమలలో నేడు జరుగుచున్న అన్నప్రసాద పంక్తిలో కూర్చున్నవారినెవరినిని వారి పూర్వజన్మమును అడిగి విస్తరి వేయుట లేదు. శాస్త్రమునకన్న ఆ వంటశాల తత్త్వము తేటగా తెలియజేయుచున్నదని నాకు తోచును.

ధనికుడు మొగము త్రిప్పుకొనకుండుట అసాధ్యమనువారికి ఆ డర్బను నుండియే ఒక నిదర్శనము చూపవచ్చును. 1897 జనవరి 13న ఓడ దిగిన గాంధీగారిని తెల్లవారి గుంపు వీధిలో కొట్టినప్పుడు తన యింట ఆశ్రయమిచ్చినవాడు పార్సీ రుస్తుంజీ యను వర్తకుడు. గుంపు ఇంటిని చుట్టుముట్టి తగులబెట్టెదమని కేకలు వేసినను గాంధీగారిని అప్పగింపలేదు. ఆ రుస్తుంజీయే పిమ్మట మన పెన్నయొడ్డున, నెల్లూరు సమీపమందలి పల్లిపాడులో, పినాకినీ సత్యాగ్రహాశ్రమ భవనమునకు పదివేల రూపాయలు పంపెను. 1921 ఏప్రిలు 7న గాంధీగారు దానిని ప్రారంభించిరి. మా జిల్లాలు కూలీలను పంపిన నగరము మా జిల్లాకొక ఆశ్రమమును పంపినది.

మా గూడూరును ఈ విచారణనుండి తప్పించుట న్యాయము కాదు. సైదాపురము, కలిచేడు ప్రాంతముల గనులలోని అభ్రకము ఒకనాడు విదేశములలో విద్యుత్పరికరములకును రేడియోలకును కావలసివచ్చి, యుద్ధకాలమున ఎంతయో గిరాకీ పొందినది. షెడ్లలో వరుసగా కూర్చున్న స్త్రీలు కత్తిమొనను రేకు అంచున దూర్చి, కాగితముకన్న పలుచని పొరలను విరుగకుండ విడదీయుచుండిరి. ప్రొద్దుగుంకి ఇండ్లకు మరలునప్పుడు వారి ముంజేతులపైనను, కనుబొమలపైనను, మాసిన చీర కుచ్చిళ్లపైనను అభ్రకపు రజను తళతళలాడుచుండెను. ఆ రేకు వెల ఎచ్చటనో దూరదేశమున తేలుచుండెను. ఆమె కూలి షెడ్డు గుమ్మమువద్ద తేలుచుండెను. ఆ రెంటి నడుమనున్న దూరము పూర్వజన్మముచేత ఏర్పడినది కాదు, బేరముచేత ఏర్పడినది. ఆమెయు తన్ను గూర్చి ‘నా కర్మ’ యనుచుండెడిది. అట్లనుటకు ఆమెకు హక్కు కలదు. షెడ్డు యజమానికి లేదు.

మా వృద్ధునితో ఇందులో కొంత చెప్పితిని. ఆయన కోపగించుకొనక చాలసేపు ఊరకుండి, “గేటు తెరిస్తే రేపు వంద మంది వస్తారు. నేనెంత మందికి పెట్టగలను?” అనెను. పిమ్మట 2021 జూలైలో జరిగిన దోపిడులను గూర్చి, రాత్రులు వీధి చివర అడ్డుకట్టలు వేసి కాపలా కాసిన పొరుగువారిని గూర్చి చెప్పెను. ఆ భయము కల్పితము కాదు. 1949 జనవరిలో అదే నగరమున ఆఫ్రికనులకును భారతీయులకును నడుమ రేగిన అల్లర్లలో 142 మంది చనిపోయిరి. కాని 2021లో, 1904లో గాంధీగారు స్థాపించిన ఆశ్రమపు పేరునే మోయుచున్న ఫీనిక్సు పేటలో, ఆ కాపలాల వేళ 36 మంది హతులైరి. వారిలో అత్యధికులు ఆఫ్రికనులు. పొరుగువాని దుఃఖమునకు కారణము వానియందే కలదని చిరకాలము నమ్మినవారికి, వాడు తమ వీధిలో నడచివచ్చుటయే దండయాత్రగా కనబడుట వింత కాదు.

ఐనను ఆయన ప్రశ్న ప్రశ్నయే. రంతిదేవుని కుండ ఒక పూటలో ఒట్టిపోయినది. రంతిదేవులచేత నగరములు నడువవు. దానము ఎంత గొప్పదైనను ఇచ్చువాని చేతిని పైనను, పుచ్చుకొనువాని చేతిని క్రిందను ఉంచియే సాగును. అందువలన ఆ పల్లములోనివారు ఏమి కోరిరో తెలిసికొనుట అవసరమయ్యెను. 2005 మార్చిలో కెనడీ రోడ్డువారు రోడ్డునకు అడ్డముగా నిలిచి రాకపోకలు ఆపిరి. సమీపమున ఎల్ఫ్ రోడ్డువద్ద ఇండ్లకై తమకు వాగ్దానము చేయబడిన నేలను ఇటుకల పరిశ్రమకై చదును చేయుచుండుట చూచి చేసిన పని అది. ఆ యేటనే అబహ్లాలి బసేమ్జొండోలో, అనగా గుడిసెవాసుల సంఘము, అచ్చట పుట్టినది. వారడిగినది నేల, నీరు, మరుగుదొడ్లు. అడిగినది నగరపాలక సంస్థను. మా వృద్ధుని గేటువద్దకు అన్నమునకై వారెన్నడును రాలేదని ఆయనయే చెప్పెను.

అప్పుడాయన లోనికి పోయి ఒక పాత అట్టల దస్తరము తెచ్చి నా యొడిలో పెట్టెను. ఆయన తండ్రికి కేటో మేనరులో కూరగాయల తోట యుండెడిదట. వంగయు, కొత్తిమీరయు, గోంగూరయు పండించి తెల్లవారుజామున అంగడికి మోసికొని పోయెడివాడట. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద ఆ నేల తెల్లవారికని ప్రకటించి వారిని లేవగొట్టిరి. ప్రభుత్వము మారిన పిమ్మట 1994 నాటి భూ పునరుద్ధరణ చట్టము క్రింద పెట్టిన దరఖాస్తులు, వానికి వచ్చిన జవాబులు, తిరిగి వ్రాసిన జ్ఞాపికలు ఆ దస్తరములో నుండెను. “మా నాయన చివరిదాకా రాస్తూనే ఉన్నాడు. ఊరికే ఇవ్వమని అడగలేదు, మాది మాకు ఇవ్వమన్నాడు,” అనెను. గుడిసెల సంఘమువారు ఒకమారు ఏదో విన్నపముపై సంతకమునకు ఈ వీధిలోనికి వచ్చిరనియు, అందులో ఏమున్నదో తాను చదువలేదనియు, వారి ప్రతి ఇంకను టెలిఫోను బల్ల సొరుగులో ఉండవలెననియు చెప్పి, చత్వారపు అద్దములకై వెదకసాగెను.